సాలీడు మోసే బరువు

గోడలు పాకేస్తాడు. ఆకాశహర్మ్యాల మధ్య ఊయలలూగుతాడు. దూసుకొస్తున్న కారుని ఒంటిచేత్తో ఆపేస్తాడు. కానీ నెల తిరిగేసరికి అద్దె కట్టలేక ఇంటి ఓనరుకి కనబడకుండా తిరుగుతాడు! స్పైడర్‌మ్యాన్‌ కష్టాలన్నీ మొదలైంది ఒక్క మాటతో... ‘నాకెందుకులే’!

సూపర్‌మ్యాన్‌ వేరే గ్రహం నుంచి వచ్చినవాడు. బ్యాట్‌మ్యాన్‌కి తరాలు తిన్నా తరగని ఆస్తి ఉంది. మరి పీటర్‌ పార్కర్‌కి? న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఓ మామూలు ఇల్లు, కన్నవాళ్లు లేని లోటు తెలియకుండా పెంచిన పెదనాన్న బెన్‌, పెద్దమ్మ మే. అంతే.

స్టాన్‌ లీ రాసి స్టీవ్‌ డిట్కో బొమ్మలు వేసిన ఈ పాత్ర తొలిసారి కనిపించింది 1962 ఆగస్టు నాటి ‘అమేజింగ్‌ ఫాంటసీ’ 15వ సంచికలో. పబ్లిషర్‌ మార్టిన్‌ గుడ్‌మ్యాన్‌కి ఆ ఆలోచనే నచ్చలేదని స్టాన్‌ లీ చెబుతుండేవాడు. సాలీడంటే జనానికి అసహ్యం. కుర్రాళ్లు హీరో పక్కన ఉండాలిగానీ హీరోలు కాకూడదు. అసలు హీరోకి సొంత సమస్యలేంటి?... ఇవీ ఆయన అభ్యంతరాలు. ఎలాగూ మూతపడే పత్రిక కదా అని చివరి సంచికలో వేసేశారు. 11 పేజీల కథ!

రేడియోధార్మికత సోకిన సాలీడు కుట్టడం, శక్తులు రావడం... అదంతా పిల్లలకి కూడా కంఠతా వచ్చు. ఆ శక్తులతో పీటర్‌ మొదట ఏం చేశాడో గుర్తుందా? లోకాన్ని కాపాడటానికి బయల్దేరలేదు. కుస్తీ బరిలో దిగి డబ్బు గెలిచాడు. టీవీ షోలతో పేరు తెచ్చుకున్నాడు. ఓ రోజు స్టూడియోలో ఒక దొంగ అతడి ముందు నుంచే పారిపోతాడు. ఆపమని పోలీసు వెనకనుంచి అరుస్తున్నా పీటర్‌ కదలడు. అది తన పని కాదనుకుంటాడు. తర్వాత ఇంట్లో చొరబడి పెదనాన్నని కాల్చి చంపింది ఆ దొంగే.

చట్టం దృష్టిలో పీటర్‌ ఏ నేరమూ చేయలేదు. చేయగలిగీ చేయకుండా ఊరుకున్నాడు, అంతే. ఆ చిన్న ‘అంతే’ అతణ్ని జన్మంతా వదల్లేదు.

అన్నట్టు, శక్తినీ బాధ్యతనీ ముడిపెట్టే ఆ ప్రఖ్యాత వాక్యం బెన్‌ చెప్పిందని అందరూ అనుకుంటారు. 1962 కథలో ఆయన ఆ మాట అననే లేదు! తలొంచుకుని చీకట్లోకి నడిచి వెళుతున్న కుర్రాడి బొమ్మ పక్కన రచయిత వ్యాఖ్యగా వచ్చిందది. తర్వాత కథల్లో, 2002 నాటి సినిమాలో పెదనాన్న నోట పలికించారు. మొదటి పద్ధతే బాగుందనిపిస్తుంది. పెద్దలు చెప్పగా విన్న నీతి కాదది, చేజేతులా పోగొట్టుకున్నాక తెలిసొచ్చిన నిజం. 2015లో అమెరికా సుప్రీంకోర్టు కూడా ఆ మాటని తీర్పులోకి ఎక్కించింది. సాలెగూడులా నురగ చిమ్మే బొమ్మ పేటెంట్‌ గొడవ అది. పాత తీర్పులను మార్చే అధికారాన్ని ఆచితూచి వాడాలంటూ జస్టిస్‌ ఎలీనా కేగన్‌ ఏకంగా కామిక్‌ పుస్తకాన్నే ఉదహరించారు!

చెల్లని చెక్కు

సంపాదించే మనిషి పోయిన ఇల్లు ఎలా ఉంటుంది? 1963లో స్పైడర్‌మ్యాన్‌ సొంత పత్రిక తొలి సంచిక ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది. అద్దెకి డబ్బుల్లేవు. ప్రదర్శన ఇస్తే చెక్కు చేతికొచ్చింది... స్పైడర్‌మ్యాన్‌ పేరు మీద! గుర్తింపు కార్డేదీ అని అడిగి బ్యాంకువాళ్లు వెనక్కి పంపేశారు. అటు చూస్తే పెద్దమ్మ నగలు తాకట్టు పెడుతోంది. ఇంటిగుట్టు దాచుకుంటూ నగ కుదువబెట్టే ఆడవాళ్లు ఏ దేశంలోనైనా ఒక్కలాగే ఉంటారేమో.

అదే సంచికలో ఓ పత్రికాధిపతి కొడుకు ప్రాణాలు కాపాడతాడు. మర్నాడు ఆ పత్రికే అతణ్ని దోషిగా చిత్రిస్తుంది. ఆ పెద్దమనిషి జేమ్సన్‌కే పీటర్‌ తన ఫొటోలు తానే తీసుకుని అమ్ముకుంటాడు, ఇల్లు గడవడానికి. తనని తిట్టే వార్తల పక్కన తను తీసిన బొమ్మలే! (పత్రికల్లో పనిచేసేవాళ్లకి ఈ భాగం చదివితే కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.)

ఇల్లా? ఊరా?

మంచికీ చెడుకీ మధ్య ఎంచుకోమంటే ఎవరైనా ఎంచుకుంటారు. పీటర్‌ చిక్కు అది కాదు. పెద్దమ్మకి మందు తేవడమూ బాధ్యతే, వీధిలో ఎవరో ఏడుస్తుంటే పరుగెత్తడమూ బాధ్యతే. రెండూ ఒకేసారి పిలిస్తే?

1966 ఫిబ్రవరి సంచిక చూడండి. పెద్దమ్మ చావుబతుకుల్లో ఉంది. కారణం... ఎప్పుడో ఆమెని బతికించడానికి పీటర్‌ ఇచ్చిన రక్తమే! అందులోని రేడియోధార్మికత ఆమెను చంపుతోంది. విరుగుడు మందు కళ్లెదుటే ఉంది, చేతికి అందదు. మీద కొండంత యంత్రం, పైకప్పు నుంచి కారుతున్న నీళ్లు. పేజీల తరబడి డిట్కో గీసింది ఆ కుర్రాడు బరువెత్తడాన్నే. విలన్‌తో పోరాటం కన్నా ఆ కాసిని పేజీలే గుర్తుండిపోతాయి.

ఎత్తగలిగినన్నిసార్లు ఎత్తాడు. ఎత్తలేకపోయిన రోజూ ఉంది. 1973 జూన్‌ సంచికలో గ్రీన్‌ గాబ్లిన్‌ వంతెన మీంచి అతడి ప్రియురాలు గ్వెన్‌ స్టేసీని తోసేస్తాడు. పీటర్‌ విసిరిన దారం ఆమె కాలికి చుట్టుకుంటుంది. పట్టుకున్నానని సంబరపడేలోపే తెలుస్తుంది... ఆమె లేదని. పడుతున్న మనిషి ఒక్కసారిగా ఆగిపోతే మెడ తట్టుకోలేదని కొన్ని నెలల తర్వాత ఉత్తరాల పేజీలో సంపాదకులు వివరించారు. కాపాడాలన్న తపన ఉంటే చాలదన్నమాట. కామిక్స్‌లో అంతవరకూ హీరో ప్రియురాలంటే చివరి పేజీలో క్షేమంగా దిగాల్సిందే!

ఈ బరువు దించేసుకుంటే? 2004 నాటి ‘స్పైడర్‌మ్యాన్‌ 2’ సినిమా అడిగింది అదే. పిల్లల్ని కాపాడుతూ ఆలస్యమై పిజ్జా డెలివరీ ఉద్యోగం పోగొట్టుకుంటాడు. కాలేజీలో చీవాట్లు. మేరీ జేన్‌ నాటకానికి వెళ్లేసరికి తలుపులు మూసేస్తారు. అద్దె కోసం వెంటపడే ఓనరు సరేసరి. ఆయన పేరు డిట్కోవిచ్‌, బొమ్మల డిట్కోని గుర్తుచేస్తూ! విసిగిపోయి ముసుగు చెత్తబుట్టలో పడేస్తాడు. ఆ బొమ్మ 1967 నాటి 50వ సంచికలోది. తర్వాత హాయిగా చదువుకుంటాడు, మార్కులూ బాగానే వస్తాయి. ఓ రోజు మండుతున్న ఇంట్లోకి మామూలు మనిషిగానే దూరి పాపని బయటికి తెస్తాడు. పై అంతస్తులో ఇంకొకరు చనిపోయారని అప్పుడే తెలుస్తుంది. అతణ్నెవరూ నిందించలేదు. ఆ ముఖం చూస్తే చాలు.

మన దగ్గరా ఓ స్పైడర్‌మ్యాన్‌ ఉన్నాడు. 2004లో మొదలైన ‘స్పైడర్‌మ్యాన్‌: ఇండియా’ కామిక్స్‌లో ముంబయి కుర్రాడు పవిత్ర్‌ ప్రభాకర్‌ ధోవతి కట్టుకుని భవనాలెక్కుతాడు. రౌడీలు ఓ మహిళని చుట్టుముడితే తనకెందుకని వెళ్లిపోతాడు. ఆమెకి అడ్డుపడి ప్రాణం పోగొట్టుకుంటాడు అతడి అంకుల్‌ భీమ్‌. దొంగ బదులు వీధిలో వేధింపులు. మన పాఠకుడికి ఇదే ఎక్కువ తగులుతుంది. ఈ పవిత్రే 2023లో ‘అక్రాస్‌ ది స్పైడర్‌-వెర్స్‌’ తెలుగు డబ్బింగ్‌లో మన పిల్లలకీ పరిచయమయ్యాడు. ఆ సినిమాలో మైల్స్‌ మొరాలెస్‌ ఇంకో అడుగు ముందుకేసి, సొంతవాళ్లు పోతేనే స్పైడర్‌మ్యాన్‌ అవుతాడన్న లెక్కనే ఒప్పుకోనంటాడు.

పీటర్‌కి మాత్రం ఆ లెక్క తప్పలేదు. 2021లో వచ్చిన ‘నో వే హోమ్‌’లో విలన్లను చావుకి వదిలేయకుండా బాగుచేయాలని చూస్తాడు. మూల్యం... పెద్దమ్మ మే ప్రాణం. చివరికి లోకాన్ని కాపాడటానికి అందరూ తనని మర్చిపోయేలా మంత్రం వేయమని తనే అడుగుతాడు. తర్వాత ఎం.జె. పనిచేసే కాఫీ షాపుకి వెళతాడు. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుని మరీ. ఆమె నుదుటి మీద బ్యాండేజీ కనిపిస్తుంది, తనవల్ల తగిలిన దెబ్బ. కాగితం జేబులోనే ఉండిపోతుంది. కాఫీ తీసుకుని వచ్చేస్తాడు.

అద్దెకి ఓ చిన్న గది దొరుకుతుంది. ఒకటో తారీఖుకల్లా అద్దె ఇవ్వాలని ఓనరు చెప్పి వెళతాడు. కొత్త దుస్తులు తనే కుట్టుకుంటాడు. బయట మంచు పడుతోంది. పోలీసు రేడియోలో ఏదో కబురు వినబడగానే కిటికీలోంచి దూకేస్తాడు.