వేరులోని సన్నని పొర: తడి యుండియు పైరు వడలుట



"ఎరువు వేసితిమి, తడి పెట్టితిమి, అయినను మొక్క వడలినది, ఇదేమి చోద్యము?" అని నన్నడిగినవారు పెక్కురు గలరు. నేనీ యుద్యోగమున చేరిన తొలి సంవత్సరమున నామాట నమ్మి యొక రైతు మిరపమొక్కల మొదళ్లయందే గుప్పెడేసి అమ్మోనియం సల్ఫేటు వేసి నీరు కట్టెను. ఎంత దూరమున వేయవలెనో చెప్పకపోవుట నా లోపమే. నాలుగవ దినమున పోయి చూడగా నేల తడిగానే యున్నది గాని మొక్కలు తలలు వాల్చియుండెను. ఆతడు నన్నొక్క మాటయైన ననలేదు. అందువలన నాకు మరింత సిగ్గు కలిగెను. ఆ మొక్కలేల చచ్చినవో తెలియవలెనన్న వేరులోనికి చూడవలెను.

మొక్కలన్నియు కణములను మిక్కిలి చిన్న గదులతో కట్టబడినవి. ప్రతి కణమునకు వెలుపల నొక గోడ కలదు. అది గోనెసంచి వంటిది. నీరును, నీట కరిగిన ఉప్పును దానిగుండ ధారాళముగా పోవును. ఆ గోడకు లోపల జీవపదార్థమును చుట్టియున్న పొరయే కణత్వచము. లోనికి ఏది రావలెను, ఏది రాకూడదు అను తీర్పు దీనిదే. దీని మందము మిల్లీమీటరులో లక్షవవంతుకన్న తక్కువ. ఇట్టి పొరలను పదివేలకు పైగా పేర్చినగాని మనము వ్రాయు కాగితమంత మందము రాదు.

ఈ పొర ముఖ్యముగా క్రొవ్వుతో నేర్పడినది. ఈ జాతి క్రొవ్వు అణువునకు నీటిని కోరు తలయు, నీటికి తొలగు తోకలును గలవు. కావున నవి రెండు వరుసలుగా నిలిచి, తలలను ఇరుప్రక్కల నీటివైపునకును తోకలను నడుమకును ఉంచుకొనును. 1925లో హాలండు దేశమున గోర్టరు, గ్రెండెలు అను నిరువురు ఎఱ్ఱరక్తకణములలోని క్రొవ్వును తీసి నీటిపై పరచి కొలువగా, అది యా కణముల పైవైశాల్యమునకు రెండింతలు వచ్చెను. వారి కొలతలలో రెండు తప్పులుండి యొకదాని నొకటి సరిపెట్టినవని పిమ్మట తేలినది. అయినను వారి నిర్ణయము నిలిచినది! ఈ పొర బిగిసియుండక నూనెవలె కదలుచుండుననియు, అందు మాంసకృత్తులు తేలుచుండుననియు 1972లో సింగరు, నికల్సను అనువారు వివరించిరి. ఆ మాంసకృత్తులలో కొన్ని ఈ పొరకు తలుపులు.

ఇక మన యిండ్లలో మాగాయ పెట్టుట చూడుడు. మామిడిముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో నుంచగా మూడవనాటికి ఊట నిండును. ఎవరును నీరు పోయలేదే! అది ముక్కలలోని నీరే. ఈ పొర నీటిని సులభముగా పోనిచ్చును, ఉప్పును అంత సులభముగా పోనియ్యదు. కావున ఉప్పెక్కువగా నున్న వైపునకు నీరు తరలిపోవును. మొదట కుప్పగా పడిన ఎరువు నా మిరపవేళ్లకు చేసినది ఇదియే. చౌడునేలలో తడి యుండియు పైరు దాహపడుటకును ఇది ముఖ్యకారణము.

నీటికి ప్రత్యేకమైన తలుపులు గలవని 1992లో అమెరికాలో పీటరు ఆగ్రే కనుగొనెను. 2003లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. ఈ తలుపులు వేళ్లలోను గలవు. నత్రజని, పొటాషు మున్నగువానిని లోనికి తెచ్చు తలుపులు వేఱు. వానిని నడుపుటకు వేరు తన శక్తిని వెచ్చించవలెను. ఆ శక్తికి గాలి కావలెను. మడిలో నీరు నిలిచి గాలి యాడనిచో కణములోని రసము పుల్లనగును, అంతట నీటితలుపులు మూసికొనును. నిండునీటిలో నిలిచిన మిరపతోట వడలుట యిందువలననే. వరికి మాత్రము ఆకులనుండి వేళ్లవరకు గాలిగొట్టములుండుటచే నంత బాధ లేదు.

కావున మిరపకు ఎరువును మొదటికి బెత్తెడు దూరమున చాలులో వేసి మన్ను కప్పుడు. పెద్దవాన వెలిసిన పిమ్మట వడలిన తోటను చూచి తొందరపడి ఎరువు చల్లకుడు. ముందు మురుగుకాలువ తీయుడు. వేళ్లకు గాలి తగిలి మొక్క తలయెత్తిన తరువాతనే పైయెరువు వేయవలెను.