రంగు పడాల్సింది చార్టులో కాదు... థీమ్‌లో!

నెలాఖరు వచ్చిందంటే చాలా ఆఫీసుల్లో ఒక తంతు ఉంటుంది. క్లయింట్‌కి రిపోర్టు వెళ్లాలి. లెక్కలు రెడీ, మ్యాటర్ రెడీ, పైన లోగో కూడా పెట్టేశారు. తీరా లోపల చూస్తే చార్టులన్నీ అదే నీలం, నారింజ, బూడిద రంగు! మన లోగో చూస్తేనేమో మెరూన్, పసుపు. అప్పుడు టీమ్‌లో అందరికన్నా జూనియర్‌కి పిలుపొస్తుంది: 'ఇవి కాస్త మన కలర్స్‌లోకి మార్చెయ్' అని.

ఆ 'కాస్త' ఎంతో చేసేవాళ్లకే తెలుసు. 20 చార్టులు, ఒక్కోదాంట్లో 5 గీతలు అంటే 100 సార్లు రంగు ఎంచుకోవాలి. ఈలోగా క్యాబ్ వెళ్లిపోతుంది, హాస్టల్‌లో భోజనం అయిపోతుంది. వచ్చే నెల మళ్లీ ఇదే పని.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. కోడ్ రాసేటప్పుడు మాకో సూత్రం ఉంది: ఒకే విలువని వంద చోట్ల రాయకూడదు. ఒక్కచోట రాసి, మిగతావన్నీ అక్కణ్నుంచే తీసుకునేలా చెయ్యాలి. వర్డ్‌లో రంగులకీ సరిగ్గా ఇదే వర్తిస్తుంది.

ఆ నీలం ఎక్కణ్నుంచి వచ్చింది?

మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌లో 2007 వెర్షన్ నుంచి 'థీమ్' అనేది ఉంది. మీ ప్రతి వర్డ్ ఫైల్ వెనకా 12 రంగుల పెట్టె ఒకటి ఉంటుందనుకోండి. అందులో 4 అక్షరాలకీ, బ్యాక్‌గ్రౌండ్‌కీ. 2 లింకులకి. మిగతా 6 రంగుల పేరు 'యాక్సెంట్'. చార్టులో మొదటి సిరీస్‌కి యాక్సెంట్ 1, రెండోదానికి యాక్సెంట్ 2... ఇలా వరసగా పడతాయి. ఏడో సిరీస్ వస్తే? మళ్లీ మొదటి రంగునే ఛాయ మార్చి వాడేస్తుంది.

మనం ఏళ్ల తరబడి చూసిన ఆ నీలం ఆర్‌జీబీ విలువ 68, 114, 196. నారింజది 237, 125, 49. నమ్మకం కుదరకపోతే ఓ చిన్న ప్రయోగం చెయ్యండి. వర్డ్ ఫైల్‌కి ఓ కాపీ తీసి, పేరు చివరున్న 'డాక్స్' బదులు 'జిప్' అని మార్చి తెరవండి. లోపల 'వర్డ్' ఫోల్డర్, అందులో 'థీమ్' ఫోల్డర్ ఉంటాయి. ఆ ఫైల్‌లో యాక్సెంట్ రంగులన్నీ వరసగా రాసి కనిపిస్తాయి!

మార్చేదెలా?

ముందు కంపెనీ రంగుల అసలు నంబర్లు సంపాదించండి. డిజైన్ లేదా మార్కెటింగ్ టీమ్‌ని అడిగితే ఇస్తారు. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయిన లోగో నుంచి మాత్రం రంగు తీసుకోవద్దు. సైజు తగ్గించడంలో రంగులూ కాస్త మారిపోతాయి.

ఇక కంప్యూటర్‌లో వర్డ్ తెరిచి డిజైన్ ట్యాబ్, కలర్స్, కస్టమైజ్ కలర్స్‌కి వెళ్లండి. ఒక్కో యాక్సెంట్ దగ్గర మోర్ కలర్స్ నొక్కి నంబర్లు టైప్ చేసి, పేరుపెట్టి సేవ్ చెయ్యండి. తర్వాత ఆ ఫైల్‌ని 'వర్డ్ టెంప్లేట్'గా సేవ్ చేసి టీమ్‌కి పంపండి. ఇకపై ఆ టెంప్లేట్‌తో మొదలుపెట్టిన ప్రతి ఫైల్‌లోనూ చార్టు గియ్యగానే మన రంగులే వస్తాయి.

మరి పాత చార్టులో? థీమ్ రంగులతో గీసినవైతే వాటంతటవే మారిపోతాయి. ఎవరైనా చేత్తో రంగు వేసుంటే మాత్రం మారవు. అలాంటిదానిపై రైట్ క్లిక్ చేసి 'రీసెట్ టు మ్యాచ్ స్టైల్' నొక్కాలి. చేత్తో చేసిన మిగతా సోకులు కూడా పోతాయని గుర్తుంచుకోండి.

ఎక్సెల్ నుంచి చార్టు తెచ్చేటప్పుడు పేస్ట్ ఆప్షన్లు చూసుకోండి. 'యూజ్ డెస్టినేషన్ థీమ్' ఎంచుకుంటే వర్డ్ ఫైల్ రంగులు తీసుకుంటుంది. 'కీప్ సోర్స్ ఫార్మాటింగ్' అంటే పాత రంగులతోనే దిగుతుంది. పిక్చర్‌గా పేస్ట్ చేశారా, ఇక దాన్ని ఏ థీమూ మార్చలేదు.

లోగోలో ఉన్నవి రెండే రంగులైతే?

అసలు చిక్కు ఇక్కడే. నేను పనిచేసిన ఒకచోట పైవాళ్లు మెరూన్ పక్కనే ముదురు ఆకుపచ్చ పెట్టించారు. స్క్రీన్ మీద అదిరింది. బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ తీస్తే రెండు గీతలూ ఒకటే! మీటింగ్‌లో ఏది అమ్మకమో, ఏది ఖర్చో తేలడానికే పది నిమిషాలు పట్టింది.

అందుకే ముదురు రంగు పక్కన లేత రంగు వచ్చేలా వరస పెట్టండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లు మన మధ్యే ఉంటారు. వాళ్లలో మగవాళ్లే ఎక్కువ. కాబట్టి ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టొద్దు. లేత పసుపు తెల్ల కాగితం మీద కనిపించదు. చార్టులో ముఖ్యమైన భాగాలకీ, వెనకున్న రంగుకీ మధ్య కనీసం 3:1 కాంట్రాస్ట్ ఉండాలని వెబ్ పేజీల కోసం పెట్టిన అంతర్జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. రిపోర్టులకీ అదే పాటిస్తే మంచిది. ఇంకోటి, లెక్కల్లో ఎరుపంటే నష్టమనే అలవాటు మనకి. లోగో ఎరుపే అయినా, లాభాల గీతకి ఆ రంగు వేసేముందు ఒకసారి ఆలోచించండి. ఆరు రంగులూ లోగోలోంచే రావాలని రూలేం లేదు. ఒకటి రెండు బ్రాండ్ రంగులు, మిగతావి బూడిద ఛాయలు... చూడ్డానికి నీటుగా ఉంటుంది.

వర్డ్ లేదా? ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్‌లో టూల్స్, ఆప్షన్స్, చార్ట్స్, డిఫాల్ట్ కలర్స్‌లో ఇదే పని చెయ్యొచ్చు. గూగుల్ షీట్స్‌లోనైతే ఫార్మాట్, థీమ్, కస్టమైజ్.

టెంప్లేట్ అందరికీ పంపేముందు ఒక్క పరీక్ష: ఆరు సిరీస్‌లతో ఓ చార్టు గీసి, నలుపు తెలుపులో ప్రింట్ తీసి, ఆ ప్రాజెక్టుతో సంబంధంలేని వాళ్లకి చూపించండి. ఏ గీత ఏదో వాళ్లు టక్కున చెప్పగలిగితే మీ టెంప్లేట్ పాసైనట్టే!