తీగ పనివానికి వ్రాత యేల?

విద్యుత్తు పని నేర్చువానికి వాక్యరచనతో నేమి పని యని పలువురు తలంతురు. అమెరికాలోని కమ్యూనిటీ కాలేజీలలో ఈ రెండు విద్యలును ఒక్కచోటనే నేర్పుచున్నారు. అందలి కారణమును వివరింప దలచితిమి.

ఇల్లినాయ్ రాష్ట్రమున 1901లో వెలసిన జోలియెట్ జూనియర్ కాలేజి ఇట్టి ప్రభుత్వ విద్యాలయములలో మిక్కిలి పాతది. స్థానికులకు తక్కువ రుసుముతో రెండేండ్ల చదువు చెప్పుట ఈ కాలేజీల ముఖ్యమైన పని. విద్యుత్ సాంకేతిక శాఖలో చేరిన విద్యార్థి ఓమ్ నియమము, మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, తీగల అమరిక అభ్యసించును. రెండేండ్ల పట్టము పొందుటకు సాధారణముగా ఇంగ్లీషు రచనలోను ఉత్తీర్ణుడు కావలెను.

ఒక కర్మాగారమును ఊహింతము. పగటి పనివాడు మోటారు బాగుచేయుటకై స్విచ్చి ఆపి, తాళము వేసి, చీటీ కట్టెను. అట్టి చీటీ అందరకును చదువుటకు వీలై, అర్థము కావలెనని అమెరికా ప్రభుత్వము 1989లో నిబంధన చేసినది. పని సగములో నుండగా వేళ మారెను. పుస్తకములో “మోటారు చూడవలెను” అని మాత్రమే యున్నచో రాత్రి వచ్చినవాడేమి గ్రహించును? ఏ స్విచ్చి ఆపితిమి, ఏ తీగ విప్పితిమి, ఏ పని మిగిలినది అను మూడు సంగతులును వరుసగా నుండవలెను. లేనిచో ప్రాణాపాయము. ఎవరు చదువుదురో యెరిగి, వలసినది వరుసగా వ్రాయుటయే రచనాపాఠము నేర్పునది.

మన పాలిటెక్నిక్ డిప్లొమాలలోను ఇంగ్లీషు పాఠమున్నది. విద్యార్థులు దానిని పరీక్ష కొరకే చదువరాదని మా మనవి. చీటీని తెలుగున వ్రాసినను నియమమిదియే.