గడువు దాటిన మందులు: ఇంట్లో ఉంచాలా, పారవేయాలా?

భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగాలకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఇప్పుడు అనేక ఇళ్లలో వృద్ధ దంపతులే మిగిలారు. పిల్లలు దూర నగరాల్లో ఉన్నారు. ఇటువంటి ఇళ్లలో అర్ధరాత్రి జ్వరం వస్తే మొదట చేయి వెళ్లేది మందుల డబ్బా వైపే. అందులోని పారాసిటమాల్ మాత్రకు గడువు రెండు నెలల క్రితమే ముగిసి ఉంటే ఏం చేయాలి? ఆ క్షణంలో తేల్చుకోవడం కంటే ముందుగానే తెలుసుకొని ఉండటం మేలు.

గడువు తేదీ అంటే, సూచించిన విధంగా నిల్వ ఉంచితే మందు పూర్తి శక్తితో పనిచేస్తుందని తయారీదారు హామీ ఇచ్చే చివరి రోజు. నెల, సంవత్సరం మాత్రమే ముద్రించి ఉంటే ఆ నెల ఆఖరి రోజు వరకు అని అర్థం. 1945 నాటి ఔషధ నియమాల ప్రకారం ఆ తేదీ దాటిన మందును దుకాణదారు అమ్మరాదు.

అయితే గడువు దాటిన మరునాడే మందు విషంగా మారదు. అమెరికా సైనిక నిల్వలలోని 122 రకాల మందులపై జరిపిన పరీక్షల ఫలితాలు 2006లో వెలువడ్డాయి. పరీక్షించిన బ్యాచ్‌లలో 88 శాతం గడువు తరువాత కనీసం ఏడాది పాటు నాణ్యత నిలుపుకొన్నాయి. ఈ వార్త చదివి నిశ్చింతగా ఉండేవారు ఒక సంగతి మరువరాదు. అవి సీలు తీయకుండా, నియంత్రిత వాతావరణంలో భద్రపరచిన మందులు.

మన ఇళ్ల పరిస్థితి వేరు. అనేక మందులపై 30 డిగ్రీలకు లోపు ఉంచాలని రాసి ఉంటుంది. భిలాయిలో మే నెల ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. దానికి కూలర్ గాలిలోని తేమ, వంటింటి ఆవిరి తోడవుతాయి. వేడి, తేమ రెండూ మందును క్షీణింపజేస్తాయి. శక్తి తగ్గిన మాత్రతో జ్వరం తగ్గక, వెంటవెంటనే మరిన్ని మాత్రలు వేసుకోవడం అసలు ప్రమాదం. పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయం దెబ్బతింటుంది.

కొన్నింటి విషయంలో సందేహానికి తావు లేదు. కంటి చుక్కల మందు సీసాను సాధారణంగా తెరచిన నాలుగు వారాలకు పారవేయాలి. నీరు కలిపిన యాంటీబయాటిక్ సిరప్‌ను లేబుల్‌పై సూచించిన రోజులు దాటాక వాడరాదు. కలిపిన ఓఆర్‌ఎస్ 24 గంటలకు మించి నిల్వ ఉండదు. తేమ తగిలిన ఆస్పిరిన్ విచ్ఛిన్నమై పులిసిన వాసన వేస్తుంది. పాడైన టెట్రాసైక్లిన్ వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్న సంఘటనలు 1963లోనే వైద్య పత్రికలకెక్కాయి. గుండె జబ్బు, మధుమేహం వంటి వాటికి వాడే మందులు గడువులోపువే ఉండి తీరాలి.

పొరపాటున గడువు దాటిన ఒక మాత్ర మింగినంత మాత్రాన భయపడనవసరం లేదు. ఏదైనా ఇబ్బంది కలిగితే వైద్యుని సంప్రదించాలి. కానీ కొద్ది రూపాయలకు దొరికే జ్వరం మాత్రలను, యాంటాసిడ్‌ను గడువు దాటాక దాచుకోవడంలో లాభం లేదు. వాటి స్థానంలో కొత్తవి తెచ్చుకోవడమే సరైన నిర్ణయం.

పారవేయడంలోనూ జాగ్రత్త అవసరం. కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ 2025 మే నెలలో మార్గదర్శకాలు విడుదల చేసింది. ట్రమడాల్, డయాజిపామ్ వంటి 17 మందులు ఇతరుల చేతికి చిక్కితే ప్రాణాపాయం కనుక వాటిని మాత్రమే టాయిలెట్‌లో వేసి నీళ్లు పోయాలని సూచించింది. మిగిలినవి అలా చేస్తే నీటి వనరులు కలుషితమవుతాయి. మందుల దుకాణంలో తిరిగి తీసుకునే ఏర్పాటు ఉందేమో ముందుగా అడగండి. లేకుంటే మాత్రలను స్ట్రిప్ నుంచి తీసి, వాడిన టీ పొడిలోనో మట్టిలోనో కలిపి, సంచిలో బిగించి చెత్తలో వేయండి. ఖాళీ స్ట్రిప్‌ను, లేబుల్‌ను చింపివేయండి.

ఉగాదికి, దసరాకు ఇల్లు శుభ్రం చేసేటప్పుడు మందుల డబ్బా కూడా చూడండి. స్ట్రిప్‌పై గడువు తేదీ ఒక అంచునే ఉంటే, మాత్రలను రెండో అంచు నుంచి తీసుకుంటూ రండి. చివరి మాత్ర వరకు తేదీ కనిపిస్తుంది.