గోడకు గులాబిరంగు కుదురుట ఎట్లు?

ఇండ్లకు రంగులు వేయించువారికి తఱచుగ నొక చిక్కు కలుగుచుండును. గది గోడలో మూడు పాళ్లు పూర్తియగుసరికి గులాబిరంగు డబ్బా నిండుకొనును. ఆ కంపెనీ రంగు అంగడిలో దొరకదు. మఱియొక కంపెనీవారి షేడ్ కార్డులో దానివంటిదే యొకటి కనబడును. దానిని తెచ్చి వేయింపగా, గోడ రెండు ముక్కలై తోచును. అప్పుడు యజమాని మేస్త్రీని నిందించును. కూలిలో కోత విధించువారును గలరు. నిజముగ నీ దోషము మేస్త్రీదేనా యని విచారించుటకై యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మన బేగంపేట చుట్టుపట్లనున్న బండరాళ్లను చూడుడు. ఈ ప్రాంతపు గ్రానైటు రాతిలో బూడిదరంగుదియు, గులాబిరంగుదియు గలవు. 1939 లో ప్రారంభింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్సు కళాశాల భవనము గులాబి గ్రానైటుతో కట్టినదే. దూరమునుండి ఆ రాయి యంతయు నొకే రంగుగ నుండును. అట్టి రాతిముక్కను చేతబట్టి చూచినచో గులాబిరంగు ఫెల్‌స్పారు, గాజువంటి క్వార్ట్జు, నల్లని అభ్రకము వేఱువేఱు రేణువులుగ కనబడును. కంటికి ఒకటిగ తోచు రంగు వెనుక పెక్కు వస్తువుల కూడిక యుండునని దీనివలన తెలియును. పెయింటు సంగతియు నంతియే.

కొంచెము పసుపు ఛాయ గల గులాబిరంగును చిత్రకారులు వెచ్చని రంగు లలో చేర్తురు. దీనికి తెలుపు, ఎఱుపు, పసుపు మూడును కావలయును. తెలుపునకు సాధారణముగ టైటానియం డయాక్సైడు వాడుదురు. ఎఱుపునకు మాత్రము మార్గములు పెక్కు. ఒకరు రెడ్ ఆక్సైడు కలుపుదురు. ఇది జేగురువంటి యినుప సమ్మేళనము, ఎండకు నిలుచును. మఱియొకరు రసాయనశాలలో చేసిన కర్బనసంబంధమైన ఎఱుపును కలుపుదురు. ఇది మిక్కిలి కాంతిగ నుండును గాని, యిందు కొన్ని రకములు ఎండకు వెలిసిపోవును.

మన కంటిలో రంగులను గుర్తించు కణములు మూడు విధములు మాత్రమే. అందుచేత వేఱువేఱు కూడికలును కంటి కొకే ఫలితము నీయవచ్చును. ఆఱును నాలుగును కలిసి పది. ఏడును మూడును కలిసియు పదియే. పగటి వెలుగులో రెండు గులాబిరంగులును పదిగ తోచును. రాత్రి దీపము వెలిగింపగనే వెలుగులోని కిరణముల పాళ్లు మాఱును. ఒకటి తొమ్మిదియు, రెండవది పదునొకండును అయినట్లు వేఱుపడును. దీనిని శాస్త్రజ్ఞులు మెటామెరిజం అందురు. పగలు కుదిరిన గోడ రాత్రి యతుకువలె కనబడుటకు కారణ మిదియే.

పేర్లను నమ్మి లాభము లేదు. మన దేశమున షాలిమార్ కంపెనీ 1902 లోను, ఏషియన్ పెయింట్స్ 1942 లోను పుట్టినవి; ఇట్లు వేఱువేఱుగ పెరిగిన కంపెనీలు తమ తమ కార్డులకు తమ తమ పేర్లు పెట్టుకొన్నవి. రంగును మూడు అంకెలతో కొలుచు పద్ధతిని 1931 లో అంతర్జాతీయ ప్రకాశ సంఘమువారు ఏర్పఱచిరి. నేడు కొన్ని అంగళ్లలో గోడపెచ్చును చూచి రంగును కొలుచు యంత్రములును గలవు. ఇవి గొప్ప సాయమే. ఐనను ఒక కంపెనీ కలుపుపాళ్లను మఱియొక కంపెనీ తెల్లని మూలపు రంగులో పోసినచో అదే ఫలితము రాదు; ఆ తెలుపులే వేఱు గదా! నిగనిగలాడు రంగును, నిగ్గులేని రంగును కూడ పక్కపక్కన ఒక్కటిగ కనబడవు.

కావున చేయవలసిన పని యిది. పేరు చెప్పక, పాత గోడనుండి రూపాయి బిళ్లకన్న పెద్దదగు పెచ్చును అంగడికి కొనిపోవలెను. మొదట చిన్న డబ్బా మాత్రమే కొనవలెను. ఒక అట్టముక్కకు రెండు పూతలు వేసి, బాగుగ ఆఱిన పిదప గోడ కానించి ఉదయమున, మధ్యాహ్నమున, రాత్రి దీపపు వెలుగున చూడవలెను. తడిరంగును చూచి తీర్పు చెప్పరాదు: ఎమల్షను సాధారణముగ ఆఱినకొలది ముదురగును, సున్నము ఆఱినకొలది తెల్లనగును. రెండు రంగులును సరిగ కుదరనిచో గోడ నడుమ అతుకు పెట్టక, పాతరంగును ఒక మూలవఱకు నిలిపి, అచ్చటినుండి క్రొత్తది మొదలిడవలెను. మూలయందు వెలుగు సహజముగనే మాఱును గాన భేదము అంతగ తెలియదు. ఒకే రంగు డబ్బాలు పెక్కు కొన్నచో, అన్నిటిని పెద్ద బకెట్టులో కలిపి వాడుట మేలు. ఒకే కంపెనీలో సైతము తయారీకిని తయారీకిని కొంత భేద ముండవచ్చును.

ఇంతటి జాగ్రత్త యజమాని ముందుగ తీసికొనదగినది. మేస్త్రీ కుంచె పట్టునే గాని, డబ్బాలోని పొడిని అతడు చేయలేదు. దీపపు వెలుగును అతడు మార్చలేడు. గోడ వేఱుపడినప్పుడు అతని కూలి కోయుటకు ముందు, అతనికి మనమిచ్చిన రంగు ఎట్టిదో విచారించుట న్యాయము.