ఫిల్మ్ సొసైటీల నిష్క్రమణ: సామూహిక సినిమా చర్చకు వీడ్కోలు

వ్యాససంగ్రహం:
కలిసి చిత్రాన్ని చూసి, చూసినదాన్ని కలిసి చర్చించే వేదికగా ఫిల్మ్ సొసైటీ భారతదేశంలో కొన్ని దశాబ్దాల పాటు ప్రభావవంతంగా నిలిచింది. ఆ వేదిక ఏర్పడిన తీరును, పనిచేసిన పద్ధతిని, క్షీణించిన కారణాలను ఈ వ్యాసం వివరిస్తుంది. చిత్రాలు నిలిచి, వాటిపై జరిగిన చర్చలు నిలవకపోవడమే ఈ నిష్క్రమణలోని ప్రధాన నష్టమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఫిల్మ్ సొసైటీ, సహృదయుడు, గోష్ఠి, సమాంతర సినిమా, మౌఖిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం:

పత్రిక ఆగిపోతే చివరి సంచిక ఉంటుంది. సినిమాహాలు మూతపడితే చివరి ఆట ఉంటుంది. ఫిల్మ్ సొసైటీల నిష్క్రమణకు చాలా చోట్ల అటువంటి ఆనవాలు కనిపించదు. నెలకు రెండుసార్లు జరిగే ప్రదర్శన ఒకసారికి తగ్గుతుంది. తరువాత ఏదైనా ఉత్సవం వచ్చినప్పుడే జరుగుతుంది. సభ్యత్వ రుసుము అడగడం మానేస్తారు. సంస్థ కాగితాల మీద ఉంటుంది గాని, సాయంత్రాలు ఆగిపోతాయి. ఎవరూ వీడ్కోలు చెప్పకుండానే ఒక సమూహం విడిపోతుంది. ఈ నిశ్శబ్ద నిష్క్రమణను అర్థం చేసుకోవాలంటే ముందుగా ఆ సమూహాన్ని కలిపి ఉంచినదేమిటో పరిశీలించాలి.

2. ఫిల్మ్ సొసైటీ - ఆవిర్భావం:

వ్యాపార ప్రదర్శనకు నోచుకోని చిత్రాలను సభ్యులకు చూపే ఉద్దేశంతో 1925లో లండన్‌లో ఫిల్మ్ సొసైటీ ఏర్పడింది. భారతదేశంలో ఈ భావనకు బలమైన రూపం ఇచ్చినది 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా మొదలైనవారు స్థాపించిన కలకత్తా ఫిల్మ్ సొసైటీ. అప్పటికి రాయ్ దర్శకుడు కాదు. ఒక ప్రకటనల సంస్థలో చిత్రకారుడు. చిత్రాలు తీయడానికి ముందే చిత్రాలను చర్చించడం నేర్చిన తరం అది. 1952లో జరిగిన తొలి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవం ఇటలీ నవ్యవాస్తవికతను, జపాన్ సినిమాను ఇక్కడి ప్రేక్షకులకు పరిచయం చేసి ఈ ఆసక్తిని మరింత పెంచింది.

విడివిడిగా పనిచేస్తున్న సంస్థలు 1959లో ఫెడరేషన్ ఆఫ్ ఫిల్మ్ సొసైటీస్ ఆఫ్ ఇండియాగా ఏర్పడ్డాయి. దానికి తొలి అధ్యక్షుడు రాయ్. 1964లో పూనాలో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ ఏర్పడటంతో సొసైటీలకు చిత్రాలు దొరికే ఒక స్థిరమైన వనరు లభించింది. 1965లో తిరువనంతపురంలో అడూర్ గోపాలకృష్ణన్, ఆయన మిత్రులు చిత్రలేఖ ఫిల్మ్ సొసైటీని ప్రారంభించారు. ప్రేక్షకులను తయారుచేయడం, చిత్రాలను తీయడం ఒకే కృషిలోని రెండు భాగాలని ఈ ఉదాహరణలు నిరూపిస్తాయి.

3. పనితీరు:

ఫిల్మ్ సొసైటీ టిక్కెట్టు అమ్మదు, సభ్యత్వం ఇస్తుంది. ఈ చిన్న తేడా దాని స్వభావాన్ని నిర్ణయించింది. టిక్కెట్టు కొన్నవాడు ఒక చిత్రానికి వస్తాడు. సభ్యుడు ఏడాది పొడవునా, తనకు నచ్చని చిత్రాలకు కూడా వస్తాడు. అందుచేత ఒకరి అభిరుచి మరొకరికి పరిచయమవుతుంది.

పూనా ఆర్కైవ్ నుండి, విదేశీ రాయబార కార్యాలయాల నుండి, మాక్స్ ముల్లర్ భవన్ వంటి సాంస్కృతిక కేంద్రాల నుండి 16 మి.మీ. ప్రింట్లు వచ్చేవి. ఒక ఊరిలో ప్రదర్శన ముగిసిన వెంటనే రీళ్ళ పెట్టెలు మరో ఊరికి వెళ్ళవలసి ఉండేది. ఒకే ప్రొజెక్టర్ ఉన్నచోట రీలు మార్చడానికి దీపాలు వేయక తప్పదు. ఆ విరామంలోనే సగం చర్చ మొదలయ్యేది. విదేశీ చిత్రాలకు ఆంగ్ల ఉపశీర్షికలు ఉన్నా అవి అందరికీ అందవు. కథాసారాన్ని, దర్శకుని నేపథ్యాన్ని తెలిపే ఒక పుట కరపత్రం ఆ లోటును తీర్చేది. ప్రదర్శన తరువాత జరిగే చర్చకు ఆ కరపత్రమే పూర్వరంగం.

4. తెలుగు నేలపై:

తెలుగు ప్రాంతాలలో హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్, కరీంనగర్ ఫిల్మ్ సొసైటీ వంటివి ఈ సంప్రదాయాన్ని కొనసాగించాయి. వాణిజ్య సినిమా అత్యంత బలంగా ఉన్న భాషలో ఇటువంటి సంస్థలు నిలబడటం గమనించదగిన అంశం. మృణాల్ సేన్ ‘ఒక ఊరి కథ’ (1977), శ్యామ్ బెనెగల్ ‘అనుగ్రహం’ (1978), గౌతమ్ ఘోష్ ‘మా భూమి’ (1980), బి. నర్సింగరావు ‘దాసి’ (1988) వంటి చిత్రాలను సాధారణ సినిమా కొలతలతో అంచనా వేయడం సాధ్యం కాదు. వాటి నిడివిని, నిశ్శబ్దాన్ని అర్థం చేసుకోవడానికి మరో రకమైన చూపు కావాలి. ఆ చూపును అలవాటు చేసిన పాఠశాలలు ఫిల్మ్ సొసైటీలు.

5. క్షీణతకు కారణాలు:

సాంకేతిక మార్పు మొదటి కారణం. 1982లో రంగుల ప్రసారాలు మొదలైన తరువాత దూరదర్శన్ వేగంగా విస్తరించి, సమాంతర చిత్రాలను కూడా ఇంటికి తెచ్చింది. వీడియో క్యాసెట్, ఆ తరువాత డీవీడీ, చివరకు అంతర్జాలం సొసైటీ అందించే అరుదైన చిత్రాన్ని ఎవరికి వారికి అందుబాటులోకి తెచ్చాయి. 16 మి.మీ. ప్రొజెక్టర్లు మూలపడ్డాయి.

రెండవ కారణం సంస్థల లోపలే ఉంది. సొసైటీలు చూపే విదేశీ చిత్రాలకు కొన్ని షరతులపై సెన్సార్ నుండి మినహాయింపు ఉండేది. కత్తిరింపులు లేని దృశ్యాల కోసమే సభ్యులుగా చేరినవారు పలు నగరాలలో ఉండేవారు. వారితో సభ్యుల సంఖ్య పెరిగింది గాని, చర్చకు కూర్చునేవారి సంఖ్య ఆ మేరకు పెరగలేదు. వీడియో రాగానే వారు వెళ్ళిపోయారు. మిగిలినవారిపై హాలు అద్దె, రవాణా ఖర్చుల భారం పడింది. స్థాపకుల తరం వృద్ధాప్యంలోకి చేరినప్పుడు బాధ్యత అందుకునే తరం చాలా చోట్ల సిద్ధంగా లేదు.

6. కోల్పోయినదేమిటి?

చిత్రాలను కోల్పోలేదు. నాడు ఒక ప్రింటు కోసం నెలల తరబడి ఉత్తరాలు రాయవలసి వచ్చిన చిత్రం నేడు చరవాణిలో దొరుకుతుంది. కోల్పోయినది చర్చను. భారతీయ కావ్యశాస్త్రం సహృదయుణ్ణి పుట్టుకతో వచ్చిన వ్యక్తిగా చెప్పలేదు. నిరంతర కావ్యపరిశీలన వల్ల మనస్సు నిర్మలమైనవాడే సహృదయుడని అభినవగుప్తుని భావన. ఆ అభ్యాసానికి గోష్ఠి ఒక స్థానం. సినిమా విషయంలో ఫిల్మ్ సొసైటీ అటువంటి గోష్ఠి.

ఇంటిలో ఒంటరిగా చూసే ప్రేక్షకుడు నచ్చని చిత్రాన్ని మధ్యలో ఆపివేయగలడు. సొసైటీ సభ్యుడు చివరివరకు కూర్చుని, అదే చిత్రం పక్కవానికి ఎందుకు నచ్చిందో వినవలసి వచ్చేది. భిన్నాభిప్రాయం గలవాడు మరుసటి ప్రదర్శనలో మళ్ళీ ఎదురవుతాడు కనుక, వాదనకు ఒక మర్యాద, కొనసాగింపు ఉండేవి. నేటి అంతర్జాల చర్చలో విస్తృతి ఎక్కువే. కాని మళ్ళీ ముఖాముఖి కలవవలసిన ఆ అనివార్యత లేదు.

పరిశోధకుల దృష్టిలో నష్టం మరింత స్పష్టం. చిత్రాలను భద్రపరచడానికి ఆర్కైవ్ ఉంది. మౌఖికంగా జరిగిన చర్చకు అటువంటి భాండాగారం లేదు. తెలుగు సినిమా విమర్శ పరిభాష ఎలా రూపొందిందో, ఏ చిత్రాన్ని ఏ కాలపు ప్రేక్షకులు ఎలా స్వీకరించారో తెలిపే ఆధారాలు కరపత్రాలలో, సమావేశ పుస్తకాలలో, సభ్యుల జ్ఞాపకాలలో చెదిరి ఉన్నాయి.

7. ముగింపు:

ఫిల్మ్ సొసైటీని యథాతథంగా పునరుద్ధరించడం నేడు సాధ్యం కాకపోవచ్చు. దాని అవసరాన్ని సృష్టించిన కొరత ఇప్పుడు లేదు. అయినా దానికి చెప్పే వీడ్కోలు విస్మరణ కారాదు. తెలుగు శాఖలు ఈ సంస్థల కరపత్రాలను, ప్రత్యేక సంచికలను సేకరించడం, జీవించి ఉన్న సభ్యుల మౌఖిక చరిత్రలను నమోదు చేయడం తక్షణ కర్తవ్యం. కాగితం మరికొంత కాలం ఆగగలదు, జ్ఞాపకం ఆగదు. దీనితోపాటు కళాశాలలలో నెలకొక చిత్రాన్ని కలిసి చూసి, దీపాలు వేసిన తరువాత ఒక గంట కూర్చుని మాట్లాడుకునే అలవాటును పెంచితే, సంస్థ నిష్క్రమించినా దాని ప్రధాన ప్రయోజనం కొనసాగుతుంది.