ఉత్తరాల పెట్టె మన ఇంట్లోనే!

అమ్మమ్మ ఉత్తరాలన్నీ ట్రంకుపెట్టెలో దాచుకునేది. తాళంచెవి ఆవిడ బొడ్లో ఉండేది. మరి మన ఉత్తరాలెక్కడున్నాయి? ఫోన్ నెంబరు మారి, పాస్‌వర్డు మరిచిపోయి పదేళ్ల మెయిళ్లు పోగొట్టుకున్నదాన్ని నేను. మా అమ్మాయి హాస్టల్ నుంచి రాసినవన్నీ అందులోనే. ఎవరినడగాలో కూడా తెలియలేదు.

అందుకే ఇంట్లోనే మెయిల్ సర్వర్ పెట్టుకోవచ్చని మా అబ్బాయి అనగానే, మన ఏలూరులో కుదిరే పనేనా అనుకుంటూనే ఒప్పేసుకున్నాను.

సర్వరంటే బీరువా అంత ఉండదండీ. పాత కంప్యూటరైనా, అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై అయినా చాలు. పోస్ట్‌ఫిక్స్ అనే సాఫ్ట్‌వేరు పోస్ట్‌మాన్. డవ్‌కాట్ అనేది ఉత్తరాలు దాచి, అడిగినప్పుడు తీసిచ్చే పెట్టె. రెండూ ఉచితమే. సొంత పేరుకు, అంటే డొమైన్‌కు మాత్రం ఏటేటా డబ్బు కట్టాలి. నెట్ కనెక్షనిచ్చిన వాళ్లనడిగి మారని ఐ.పి. అడ్రసు తీసుకోవాలి.

‘కరెంటు పోతేనో?’ అంటారు కదూ! తాడేపల్లిగూడెంలో గాలివానకు రెండ్రోజులు కరెంటు లేకపోయినా ఉత్తరం ఎక్కడికీ పోదు. పంపినవాళ్ల సర్వర్ మళ్లీ మళ్లీ వచ్చి తలుపు తడుతుంది. మామూలుగా నాలుగైదు రోజులు చూసి, అప్పుడుగానీ తిప్పి పంపదు.

అసలు చిక్కంతా మనం పంపడంలో ఉంది. కొల్లేరునే చూడండి. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా బోలెడు కాలువలు నీళ్లు తెచ్చి పోస్తాయి. సముద్రానికి దారి మాత్రం ఉప్పుటేరే. మెయిల్‌కు ఆ ఉప్పుటేరు 25వ నెంబరు పోర్టు. చెత్త మెయిళ్లకు భయపడి చాలా కంపెనీలు ఇళ్ల కనెక్షన్లకు దాన్ని మూసేస్తాయి. తెరిచి ఉన్నా, ఇంటి అడ్రసు నుంచి వచ్చిందంటే అవతలివాళ్లు అనుమానంగా చూసి స్పామ్‌లో పడేస్తారు. అందుకే ఎస్.పి.ఎఫ్., డి.కె.ఐ.ఎం. ఉండాలి. మొదటిది ‘నా ఉత్తరాలు ఫలానా చోటి నుంచే వస్తాయి’ అని ముందే ఇచ్చే హామీ. రెండోది కవరు మీద లక్కముద్ర లాంటిది. వీటిలో ఒక్కటైనా లేనిదే కుదరదని 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ కూడా పట్టుబడుతోంది.

ఇంత తంటా ఎందుకని, మేం పంపే ఉత్తరాల్ని డబ్బు తీసుకుని చేరవేసే రిలే సర్వీసుకు అప్పగించాం. వచ్చేవి, దాచుకునేవి మాత్రం ఇంట్లోనే. వారానికోసారి ఇంకో డిస్కులోకి నకలు తీసి అమ్మావాళ్లింట్లో ఇచ్చి వస్తాను. ఇదంతా మీవల్ల కాదనుకుంటే, ఇప్పుడున్న మెయిళ్లనైనా ఇంట్లో కంప్యూటర్లోకి దింపి పెట్టుకోండి. ఒక్క మధ్యాహ్నం పని.

బ్యాంకు మెయిళ్లు మాత్రం నేనింకా పెద్ద కంపెనీ అడ్రసుకే తెప్పించుకుంటున్నాను. ఈసారి పాస్‌వర్డు రాసుకున్న కాగితం బీరువాలో, పట్టుచీరల కింద ఉంది!